కొండసైకిలుకు ఓవరాయిలింగు

మౌంటెన్ బైకును తెలుగులో ఏమనాలన్న మీమాంస నాకు చాలా రోజులుగా ఉంది. ‘పర్వతగామి ద్విచక్రి’ అంటే మాట గంభీరంగానే ఉంటుంది గాని సైకిలు కదలదు. ‘కొండసైకిలు’ అంటే మాత్రం కొండచిలువ, కొండముచ్చుల సరసన ఇట్టే ఇమిడిపోతుంది. కనుక ఇక్కడ కొండసైకిలనే వాడుతున్నాను. ఇంతకన్నా మంచి మాట తట్టినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

అసలు చిక్కు ‘రెస్టొరేషన్’తో వచ్చింది. గుడికి చేస్తే జీర్ణోద్ధరణ అంటాం. తాళపత్ర గ్రంథానికి చేస్తే పరిష్కరణ అంటాం. తుప్పుపట్టిన సైకిలు ఫ్రేముకు చేసేదాన్ని ఏమనాలి? మా రేపల్లెలో దానికి దగ్గరి మాట ఒకటుండేది: ‘ఓవరాయిలింగు’. ఓవర్‌హాలింగు అన్న ఇంగ్లీషు మాటను సైకిలు షాపులవాళ్లు తమ అనుభవానికి తగినట్టు దిద్దుకున్న రూపం అది. అంతా అయ్యాక ఎలాగూ ఆయిలు పోస్తారు కదా! ఏడాదికొకసారి, వానలు వెనకపట్టాక, సైకిలును నట్టునట్టునా విప్పి, బాల్సును కిరసనాయిల్లో కడిగి, గ్రీజు మార్చి, చక్రాలకు బెండు తీసి, మళ్లీ బిగించి ఇచ్చేవారు. షాపు ముందు పందిరి కింద వట్టి ఫ్రేమొకటి కొక్కేనికి వేలాడుతూ కనబడితే ఎవరో ఓవరాయిలింగుకు ఇచ్చారని అర్థం. చక్రాలూ హ్యాండిలూ లేని ఆ ఫ్రేమును చూస్తే చిన్నప్పుడు నాకెందుకో జాలి కలిగేది, తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు.

అలాంటి వట్టి ఫ్రేమొకటి 2023 మే నెలలో మా ఇంటికి వచ్చింది. మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటులో. మా వీధి చివరి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గరాజులోని సామానంతా వాకిట్లో పరిచి అమ్మకానికి పెట్టారు. సాయంత్రానికి అన్నీ పోయి, ఎవరూ కొనని ఫ్రేమూ దాని ఫోర్కూ మిగిలాయి. ఒకప్పుడు వాటిమీదే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ కొండల్లో తిరిగారట. మోకాళ్లు మొరాయించాక ఒక్కొక్క భాగమే అడిగినవారికల్లా ఇచ్చేశారట. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “గోడకు మాత్రం తగిలించకు” అన్నారు. పాత సైకిళ్లను కాఫీ హోటళ్ల గోడలకు అలంకారంగా వేలాడదీసే వేడుక ఇక్కడ ఒకటుంది లెండి.

ఫ్రేమును చూసి దాని పుట్టుక చెప్పడం మన పల్లెల్లో పశువు పళ్లు చూసి వయసు చెప్పడం వంటి విద్య. ఈ ఫ్రేముకు పేరు లేదు. ఎవరో డబ్బా స్ప్రేతో ఈ చివర నుండి ఆ చివరకు నల్లరంగు కొట్టేశారు. అయినా ఆనవాళ్లు ఉన్నాయి. గొట్టాలు కలిసేచోట లగ్గులనే తొడుగులున్నాయి, మన పాత హెర్క్యులిస్‌కు ఉన్నట్టే. వెనక చక్రం ఇమిడే సందు 130 మిల్లీమీటర్లు. ముందు ఫోర్కు వట్టి ఉక్కు, స్ప్రింగులు లేవు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం వెనక బ్రేకును బిగించే మొలకలు. అవి సీటు వెనకనుండి దిగే సన్నగొట్టాల మీద కాక, పెడళ్ల దగ్గరనుండి వెనక్కు సాగే అడుగు గొట్టాల కింద ఉన్నాయి. యు-బ్రేకు అనేదాన్ని అక్కడ బిగించే ఆచారం కొండసైకిళ్లలో సుమారు 1986 నుండి 1989 దాకా మాత్రమే సాగింది. కాబట్టి మన ఫ్రేము పుట్టింది ఆ మూడు నాలుగేళ్లలోనే. నల్లరంగు కాస్త గీకితే సీటు గొట్టం మీద టాంగే అనే జపాను గొట్టాల కంపెనీ చీటీ ఒకటి సగం బయటపడింది. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. అంతవరకు చాలు.

అప్పటికి నాన్న మా దగ్గరకు వచ్చి మూడు వారాలు. అంతకు ముందు నవంబరులో అమ్మ పోయింది. రేపల్లె ఇంట్లో ఒక్కరే ఉండడం మంచిది కాదని నేనూ అక్కా పట్టుబట్టి, ఆయన్ను ఆరు నెలలు ఉండేలా ఇక్కడికి రప్పించాం. తల్లిదండ్రులను ఈ దేశానికి తీసుకువచ్చిన వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. నాన్న విద్యుత్ బోర్డులో చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా 2005లో రిటైరయ్యారు. ఉద్యోగంలో సగభాగం స్తంభాలమీదా సగభాగం సైకిలుమీదా గడిపిన మనిషి. వచ్చిన పది రోజుల్లో మా ఇంట్లో కారే కుళాయిలు, కిర్రుమనే తలుపులు, వదులైన ప్లగ్గులు అన్నీ బాగుచేసేశారు. పదకొండో రోజునుండి కుర్చీలో కూర్చుని వీధి వైపు చూసేవారు. ఆ వీధిలో గంటకొక కారు పోతుంది, మనిషి నడవడు. మూడో వారంలో ఒక రాత్రి భోజనాలయ్యాక, “ఏరా, ఆ టికెట్టు ముందుకు జరపడానికి ఎంతవుతుందో కనుక్కో” అన్నారు. నిష్ఠూరమేమీ లేదు. “ఇక్కడ నాకేం పని?” అని అడిగారు. అది నిజంగా ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. కనుక్కుంటానన్నాను.

అమ్మ గురించి మేమిద్దరం ఒక్కమాటైనా అనుకోలేదు. ఆమె పేరు వచ్చేచోట ఇద్దరం పక్కదారి పట్టేవాళ్లం.

ఫ్రేమును గరాజులో బల్లమీద పడుకోబెట్టి కొలతలు తీసుకుంటుండగా నాన్న గుమ్మంలో వచ్చి నిలబడ్డారు. కాసేపు చూసి, లోపలికొచ్చి, హ్యాండిలు దూరే గొట్టం వెనక, కింది పెద్దగొట్టం అడుగున బొటనవేలితో రాశారు. కళ్లు మూసుకుని రాశారు. ఎదురుగా దేన్నయినా గుద్దుకున్న సైకిలుకు సరిగ్గా అక్కడే సన్నటి ముడత పడుతుంది. రంగు పెచ్చులు లేచి ఉంటే కంటికే కనబడుతుంది. పైన మళ్లీ రంగు కొడితే వేలికి మాత్రమే తెలుస్తుంది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. ఆయన ఎక్కడ నేర్చారో. “పురికొస ఉందా?” అన్నారు. నైలాను దారం ఇచ్చాను. దాన్ని వెనక ఇరుసు కూర్చునే ఒక చీలికకు కట్టి, ముందు గొట్టాన్ని చుట్టి, తిరిగి రెండో చీలికకు బిగలాగి కట్టారు. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవమన్నారు. రెండువైపులా సమానం. ఇలా దారంతో ఫ్రేము వంకర చూసే పద్ధతి ఇక్కడి మెకానిక్కులకూ ఉంది.

“దెబ్బ తినలేదు. దీన్ని నమ్మొచ్చు” అన్నారు నాన్న. ఆ రోజు తరవాత టికెట్టు మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

తుప్పుతో మొదలుపెట్టాం. గొట్టాల లోపలి తుప్పు పోవడానికి ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ఫ్రేమును నానబెట్టాలి. ఇక్కడ దాన్ని చెక్కకు రంగు విరిచే పొడిగా అమ్ముతారు. విషపదార్థం, చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పిల్లలు గాలి ఊదుకుని ఆడే నీళ్లతొట్టిలో ఒక పగలూ రాత్రీ ముంచి ఉంచి, తరవాత వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాం. నాన్నకు ఆ పొడి మీద గౌరవం కలగలేదు. చిన్నచిన్న బోల్టులను, వాషర్లను తన వాటాగా తీసుకుని చింతపండు గుజ్జులో రాత్రంతా నానేశారు. తెల్లారేసరికి అవీ మెరిశాయి. చింతపండులో ఉన్నదీ ఆమ్లమే కదా! ఇత్తడి చెంబులకు పనికొచ్చేది ఇనుప బోల్టుకు ఎందుకు పనికిరాదన్నది ఆయన వాదం. మా ఆవిడ మాత్రం “మామయ్యగారూ, పులిహోరకు ఉంచండి” అంది.

రంగు దగ్గర మాకు భేదాభిప్రాయం వచ్చింది. పాత రంగంతా ఇసుకతో కొట్టించి, కొత్తగా పౌడరు రంగు వేయించి, కొలిమిలో కాల్పించాలని నా ఆలోచన. ముదురాకుపచ్చ ఎంచుకుని కూడా ఉన్నాను. నాన్న థిన్నరులో గుడ్డ ముంచి ఒక మూల నల్లరంగు తుడిచి చూశారు. స్ప్రే రంగు మెత్తబడి గుడ్డకు వచ్చేసింది. దాని కింద ఫ్యాక్టరీలో కాల్చి వేసిన అసలు రంగు కదలకుండా ఉంది. వానాకాలపు సముద్రంలాంటి బూడిదనీలం. “ఉన్నదాన్ని తీసేసి లేనిదాన్ని వేయడమెందుకు?” అన్నారు. ఇక వారం రోజులు అదే పని. జానెడు జానెడు చొప్పున తుడుస్తూ పోయారు. గీతలు బయటపడ్డాయి. పైగొట్టం మీద చిన్న సొట్ట, ఎక్కడో రాతికి తగిలినది, బయటపడింది. అడుగు గొట్టాల మధ్య గుడ్డ దూరని ఇరుకులో నల్లరంగు కొంత అలాగే మిగిలింది.

ఇక్కడి పాత కొండసైకిళ్ల అభిమానుల్లో రెండు మతాలున్నాయి. మొదటి మతం వారికి ఆ సంవత్సరపు క్యాటలాగే వేదం. అందులో ఏ బోల్టు ఉంటే ఆ బోల్టే ఉండాలి. బ్రేకు తీగ తొడుగు రంగు మారినా అపచారమే. రెండో మతం వారు నడిస్తే చాలునంటారు. కొత్త గేర్లు, డిస్కు బ్రేకులు దేనికైనా సిద్ధం. నేను మొదటి మతం వైపే మొగ్గేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే ఆ మతంలో తొక్కినవాడి జాడకు చోటు లేదనిపిస్తుంది. దుకాణంలో అద్దాల వెనక ఉన్న రోజుకు సైకిలును తిరిగి చేర్చడమే వారి మోక్షం. ఈ ఫ్రేము దుకాణంలో ఉన్నది కొన్ని వారాలేమో. కొండల్లో ఉన్నది ఏళ్లు. ఆ సొట్టను పూడ్చకుండా వదిలేశాం.

విడిభాగాల వేట గురించి రాస్తే వేరే వ్యాసమవుతుంది. పాత సైకిళ్ల భాగాలను డబ్బాల్లో పోసి తక్కువ ధరకు అమ్మే సహకార దుకాణాలు ఈ ప్రాంతంలో కొన్ని ఉన్నాయి. శనివారాలు మాకదే తీర్థయాత్ర. షిమానో భాగాల వెనక రెండక్షరాల గుర్తు ఒకటుంటుంది. మొదటి అక్షరం సంవత్సరం. ఇంగ్లీషు ‘ఏ’ అంటే 1976, అక్కడినుండి వరుసగా. రెండోది నెల. మాకు దొరికిన క్రాంకు వెనక ‘కె ఎల్’ అని ఉంది. అంటే 1986 డిసెంబరు. మన ఫ్రేముకు ఈడైన సంబంధం. దాన్ని ఊడదీయడానికి మరతో లాగే పనిముట్టు ఇస్తే నాన్న ఆశ్చర్యపోయారు. కాటరు పిన్నుల రోజుల్లో సుత్తి లేనిదే క్రాంకు కదిలేది కాదు. “సుత్తి అక్కర్లేదా!” అని రెండుసార్లు బిగించి, రెండుసార్లు ఊడదీశారు. అయితే చైను వైపు బీబీ కప్పు దగ్గర నేను పానా అందుకోబోతుంటే, “అటు కాదు, అది రివర్సు త్రెడ్డు” అని ముందే చెప్పారు. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పద్ధతి అది. జపానువాళ్లూ దాన్నే తీసుకున్నారు, మద్రాసులో హెర్క్యులిస్ చేసినవాళ్లూ దాన్నే తీసుకున్నారు. అమెరికా కొండమీద తిరిగిన జపాను సైకిలులో రేపల్లె మనిషికి తెలిసిన మర ఉండడానికి కారణం అదీ.

చక్రాల దగ్గర మాత్రం ఆయన లెక్క తప్పింది. 26 అంగుళాల టైరంటే మన లేడీస్ సైకిలు టైరేగదా అన్నారు. కాదు. రెండిటినీ 26 అనే అంటారు గాని, కొండసైకిలు రిమ్ములో టైరు కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు. మన దగ్గర 26 పేరుతో అమ్మే సన్నటైరుకు 590. “పేరొకటీ కొలత ఒకటీనా? ఏం దేశాలురా!” అన్నారు. యు-బ్రేకును చూసి మరీ కోప్పడ్డారు. “చక్రం ఎగజిమ్మే బురదంతా వచ్చి పడేది ఇక్కడే. దీన్ని పెట్టినవాడు వానలో సైకిలు తొక్కి ఉండడు.” కొండసైకిళ్లలో ఆ బ్రేకు నాలుగేళ్లకే తెరమరుగు కావడానికి ఒక ముఖ్య కారణం అదే. ముప్ఫై ఏళ్లకు పైగా అభిమానులు వాదించుకుంటున్న విషయాన్ని ఆయన అర నిమిషంలో తేల్చేశారు.

జులైలో ఒక ఆదివారం ఆయన్ను మరీన్ జిల్లాలోని ఫేర్‌ఫాక్స్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్లాను. 2015లో తెరిచిన సైకిళ్ల మ్యూజియం ఒకటి అక్కడ ఉంది. దారిలో కొండసైకిలు స్థలపురాణం చెప్పాను. 784 మీటర్ల టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల 1970లలో కొందరు కుర్రవాళ్లు 1930, 40ల నాటి ష్విన్ సైకిళ్లను, లావాటి బెలూను టైర్లవి, పాత సామాన్ల కొట్లలో ఏరుకొచ్చి, మడ్‌గార్డులూ అలంకారాలూ పీకేసి, అడవిలో నిప్పంటుకుంటే మంటలార్పే బండ్లు పోవడానికి వేసిన మట్టిబాటల్లో దిగువకు తోలేవారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం జరిగింది. రెండు మైళ్లకు కాస్త పైన ఉన్న ఆ బాటలో 1,300 అడుగులు కిందికి దిగాలి. ఉత్తమ కాలం గ్యారీ ఫిషరుది, నాలుగు నిమిషాల 22 సెకన్లు. ఆ పందాలవాళ్లలోనే జో బ్రీజ్ అనే ఆయన 1977లో కొండకోసమే ఫ్రేము కట్టాడు. టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ఫిషరూ చార్లీ కెల్లీ కలిసి 1979లో చిన్న దుకాణం పెట్టారు. 1981లో స్టంప్‌జంపరు అనే సైకిలు జపానులో పెద్ద ఎత్తున తయారై వచ్చేసరికి ఈ పిచ్చి ప్రపంచమంతా పాకింది.

వీటిలో ఏదీ నాన్నను కదిలించలేదు. పందెం జరిగిన బాట పేరు చెప్పాక మాత్రం నావైపు తిరిగారు. ఆ బాటను ‘రీప్యాక్’ అంటారు. ఆ పాత సైకిళ్లకు బ్రేకు వెనక హబ్బులోపలే ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పట్టేది. ఆ దిగుడులో హబ్బు ఎంత కాగిపోయేదంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరితే గాని మళ్లీ పనికిరాదు. గ్రీజు మళ్లీ కూరడమే రీప్యాక్.

“అంటే ఓవరాయిలింగు కొండన్నమాట” అన్నారు నాన్న.

మ్యూజియంలో పాత ష్విన్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. చేతులు వెనక్కు కట్టుకుని, వంగి, హబ్బులు చూశారు. తిరిగివచ్చేటప్పుడు గోల్డెన్ గేటు వంతెన మీద కూడా ఆయన మాట్లాడింది గ్రీజు గురించే.

హబ్బుల పని ఆగస్టులో పట్టాం. ముందు హబ్బుకు పక్కకు పది చొప్పున చిన్న బాల్సు, వెనక హబ్బుకు పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళానివి. స్టీలు గిన్నెలో పాత బాల్సు పోసి కడుగుతున్నారు నాన్న. నేను గ్రీజు డబ్బా మూత తీస్తున్నాను. ఆయన ఒక్కొక్కటే గుడ్డమీదకు తీస్తూ లెక్క మొదలుపెట్టారు. “లాభం… రెండు… మూడు…”

వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. మా ఇంట్లో దేన్ని లెక్కపెట్టినా అలా మొదలుపెట్టేది అమ్మ. అప్పడాలైనా, చాకలి పద్దైనా.

నాన్న తొమ్మిది దగ్గర ఆగి, “మీ అమ్మ లెక్కే ఇది” అన్నారు. ఆమె పోయాక ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

తరవాత చెప్పినదాన్ని చెప్పినట్టే రాస్తున్నాను. 1977 నవంబరు 19 ఉప్పెన. దివిసీమలో వేలమంది పోయారు. ఇవతల రేపల్లె, నిజాంపట్నం వైపూ తీరమంతా తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి అక్క ఆరు నెలల పిల్ల. నేనింకా పుట్టలేదు. స్తంభాలన్నీ పడిపోయాయి గనుక మర్నాడే నాన్నను లైను చూడటానికి పంపారు. రోడ్డున్నంత మేర సైకిలు తొక్కారు, రోడ్డు లేనిచోట భుజాన వేసుకుని నడిచారు. ఎనిమిది రోజులు. ఇంటికొచ్చేసరికి సైకిలు హబ్బుల్లో గ్రీజు లేదు, ఉప్పునీళ్లూ ఒండ్రూ ఉన్నాయి. చక్రం తిప్పితే ఇసుక నలిగిన శబ్దం. తెల్లారి మళ్లీ బయల్దేరాలి. షాపు తెరిచేవాడు లేడు. అంతకుముందు ఎన్నడూ హబ్బు విప్పి ఎరగని మనిషి ఆ రాత్రి లాంతరు పెట్టుకుని విప్పారు.

“నాకు నోట మాట రావడంలేదురా. అక్కడ చూసినవి… మీ అమ్మ ఏమీ అడగలేదు. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, నేను తీసిన బాల్సు కిరసనాయిల్లో కడిగి, పైకి లెక్కపెడుతూ కూర్చుంది. లాభం, రెండు, మూడు అని. అయిపోతే మళ్లీ మొదటినుంచి. పద్దెనిమిది ఉండాలి, పదిహేడే ఉన్నాయి. ఆ ఒక్కటీ ఎక్కడ దొర్లిందో దొరకలేదు. ఎంతసేపు లెక్కపెట్టిందో. నేను పదిహేడే వేసి బిగించి పొద్దున్నే వెళ్లిపోయాను.”

“ఏం చూశారు నాన్నా అక్కడ?” అన్నాను.

ఆయన చెప్పలేదు. గ్రీజు ఇలా ఇమ్మన్నారు. కప్పులో గ్రీజు మెత్తి, తొమ్మిది బాల్సునూ ఒక్కొక్కటిగా చేతివేలితో అద్ది, ఇరుసు దూర్చి, కోను బిగించి, చక్రం తిప్పి నా చెవి దగ్గర పెట్టారు. ఏమీ వినబడలేదు. కోను మరీ బిగిస్తే బాల్సు నలుగుతాయి, వదులైతే చక్రం ఊగుతుంది; ఇరుసు మీద పావు మలుపులో ఆ రెండిటికీ మధ్య చోటు ఉంటుంది. అది నాకు ఇప్పటికీ నాలుగైదు ప్రయత్నాల మీద గాని దొరకదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. 1990ల తరవాత వచ్చిన కొండసైకిళ్లలో చాలావాటికి బీబీ సీలు చేసిన ఒకే ముద్దగా ఉంటుంది. అరిగితే తీసి పారేసి కొత్తది వేయడమే. నీరు చొరదు, బురద చొరదు, నిజమే; మనిషి చెయ్యీ చొరదు. అలాంటి ఫ్రేము దొరికి ఉంటే ఆ వేసవిలో నేను గరాజులో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఈ ఫ్రేములో తిరిగే ప్రతి కీలూ, పెడలు నుండి హ్యాండిలు దాకా, కప్పూ కోనూ విడి బాల్సూ. నాన్న చేతికి తెలియనిది అందులో గేర్ల మీట తప్ప మరేమీ లేదు.

చక్రాలు కట్టడానికి రెండు వారాలు పట్టింది. 36 పుల్లలు, ఒక్కో పుల్లా మూడు పుల్లలను దాటుతూ పోతుంది. మన సైకిళ్లకు ముందు 32, వెనక 40. ఇక్కడి లెక్క ఆయనకు నచ్చింది, రెండు చక్రాలకూ ఒకటే పాఠం. ఫ్రేమును తలకిందులుగా నిలబెట్టి, బ్రేకు మొలక దగ్గర సుద్దముక్క ఆనించి చక్రం తిప్పితే, ఎక్కడ బెండు ఉంటే అక్కడ తెల్లగీత పడుతుంది. గీత పడినచోట ఇటు పుల్ల వదులు, అటు పుల్ల బిగువు. వెయ్యి రూపాయల పనికి వంద డాలర్ల స్టాండు ఎందుకని ఆయన ప్రశ్న. పుల్లలను గోటితో మీటి స్వరం వింటూ సరిచేశారు. చేతులు కొంచెం వణికేవి, పానా పట్టుకున్నంతసేపు వణికేవి కావు.

సెప్టెంబరు చివరికి సైకిలు నిలబడింది. ఖర్చు 300 డాలర్లు దాటింది. సీటు గొట్టానికి 26.8 మిల్లీమీటర్ల కడ్డీ కావాలి; 26.6 వదులు, 27 దూరదు. దానికోసమే మూడు వారాలు ఆగాం. బొటనవేలితో తోసే గేరు మీటలు హ్యాండిలు మీద నిలబడి, నత్త కొమ్ముల్లా ఉంటాయి. సీటు బాగా కిందికి దించి, ముందు నాన్న తొక్కుతానన్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి! మా ఆవిడ ఒప్పుకోలేదు. హెల్మెట్టు పెట్టుకుంటేనే అన్న షరతు మీద ఒప్పుకుంది.

కొండకు తీసుకుపోలేదు. ఫ్రీమాంటుకు పడమర, సముద్రపు పాయ అంచున ఉప్పుమడుల మధ్య మట్టిగట్లు ఉన్నాయి, మైళ్లకొద్దీ చదునుగా. అటు నీళ్లు, ఇటు నీళ్లు, కొంగలు. నాన్న కారు దిగి చుట్టూ చూసి, “ఇది మన కాలవగట్టేగా” అన్నారు. జన్మంతా డెల్టాలో సైకిలు తొక్కిన మనిషి, కొండ ఆయనకెందుకు? ఎడమకాలు పెడలు మీద పెట్టి, రెండడుగులు తోసి, పాతకాలపు పద్ధతిలో వెనకనుండి కాలు తిప్పి ఎక్కారు. నాకు గుండె గొంతులోకి వచ్చింది. ఆయన వెనక్కు చూడలేదు. గట్టు మలుపు దాకా వెళ్లి, దిగి, సైకిలును తిప్పుకుని, మళ్లీ ఎక్కి వచ్చారు. గేరు ఒక్కసారైనా మార్చలేదు. “వెనక బ్రేకు దండగ. మిగతాదంతా బాగుంది” అన్నారు.

టికెట్టు ఉన్న రోజునే, అక్టోబరులో, వెళ్లారు. పెద్దాయనకు సైకిలు ఫోటో పంపితే, పైగొట్టం మీద సొట్ట ఏ బాటలో పడిందో రాశారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో నాన్న అడిగే మొదటి ప్రశ్న మనవల చదువు గురించి, రెండోది వెనక హబ్బు శబ్దం చేస్తోందా అని. మొదటి ఏడాది, “మీకు వానలెప్పుడు?” అన్నారు. నవంబరు నుంచి మార్చి దాకా అన్నాను. “అయితే ఏప్రిల్లో విప్పు” అన్నారు. 2024 ఏప్రిల్లో విప్పాను. బాల్సు బాగానే ఉన్నాయి, ఎడమవైపు కోను మీద సూదిమొనంత గుంట ఒకటి కనబడింది. ఫోటో తీసి పంపాను. కోను మార్చమనీ, బాల్సు పాతవి మళ్లీ వేయకుండా పద్దెనిమిదీ కొత్తవే వేయమనీ జవాబు వచ్చింది.